వెనిలా వాసన రాని ‘యూజినాల్’: ఒక తమలపాకు నూనె కేసు

“వాసనే రావట్లేదండీ” అన్నారు ఫోన్లో. గోదావరి వైపు మనిషి, చిన్న యూనిట్ నడుపుతారు. మార్కెట్లో అమ్ముడుపోకుండా మిగిలిన తమలపాకుని ఆవిరితో బట్టీ పట్టి నూనె తీస్తారు. వృథా ఆకు నుంచి నూనె తీసే పని మీద ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చాలా ఏళ్ళుగా పరిశోధన జరిగింది కాబట్టి ఆలోచన కొత్తదేం కాదు. ఈయన ఒక మెట్టు పైకి వెళ్ళారు. నూనెని కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళకి యాసిడ్ కలిపి ఫినాల్ భాగాన్ని విడిగా తీశారు. దాన్ని బయట ఒక ల్యాబ్‌కి పంపితే జీసీ-ఎంఎస్ (పదార్థాల్ని విడగొట్టి ఒక్కోదాని మాస్ చూసే పరీక్ష) చేసి ‘యూజినాల్, 94 శాతం’ అని కాగితం ఇచ్చారు. యూజినాల్ అంటే లవంగ నూనెలో ఉండేది, పంటి డాక్టర్ దగ్గర వచ్చే ఆ ఘాటు వాసన దానిదే. దాని నుంచి వెనిలిన్ చేయడం వందేళ్ళ పైబడిన పాత రూటు: గట్టి క్షారంలో మరిగిస్తే పక్క గొలుసులోని డబుల్ బాండ్ రింగ్ వైపు జరిగి ఐసోయూజినాల్ అవుతుంది, ఓహెచ్‌ని ఎసిటైల్‌తో కప్పి, ఆక్సిడైజ్ చేసి, ఆ కప్పు తీసేస్తే వెనిలిన్.

ఆయన అదంతా చేశారు, మీగడ రంగు స్ఫటికాలు కూడా వచ్చాయి. వెనిలా వాసన మాత్రం లేదు.

నాకు రెండు సీసాలు పంపారు, ఒకటి మొదటి నూనె, ఒకటి చివరి స్ఫటికాలు. ఎన్‌ఎమ్‌ఆర్‌కి (అణువులో ఏ హైడ్రోజన్, ఏ కార్బన్ ఎలాంటి చోట ఉందో చెప్పే మెషిన్) పరుగెత్తకుండా ముందు స్ఫటికాల మెల్టింగ్ పాయింట్ చూశాను, పది నిమిషాల పని, దానికి స్లాట్ బుక్ చేసుకోనక్కర్లేదు. 113 నుంచి 115 డిగ్రీల మధ్య శుభ్రంగా కరిగింది. వెనిలిన్ 81–83 దగ్గర కరుగుతుంది. మలినం కలిస్తే మెల్టింగ్ పాయింట్ తగ్గుతుంది, రేంజ్ సాగుతుంది, అంతేగానీ ముప్పై డిగ్రీలు పెరిగి ఇంత షార్ప్‌గా రాదు. అంటే ఇది మురికి వెనిలిన్ కాదు, శుభ్రమైన ఇంకేదో. 115 అనగానే నా బుర్రలో ఐసోవెనిలిన్ (వెనిలిన్ ముక్కలే, చోట్లు మారినది) మెదిలింది, నిజమే, కానీ మనసులో జవాబు పెట్టుకుని స్పెక్ట్రమ్ చూస్తే కళ్ళు ఆ జవాబునే చూస్తాయి. అందుకని ఆ సీసా పక్కన పెట్టేసి నూనెతో మొదలుపెట్టాను.

జీసీ-ఎంఎస్ మళ్ళీ చేయించాను. ఒకటే పెద్ద పీక్, మాలిక్యులర్ అయాన్, అంటే విరగని అణువు, 164, అదే బేస్ పీక్, అంటే అన్నిటికంటే పెద్దది. 149 దగ్గర ఇంకో పీక్, అంటే 15 పోయింది, మీథైల్. 131, 103, 77 అన్నీ ఉన్నాయి. లైబ్రరీ కొడితే యూజినాల్, మ్యాచ్ చాలా బాగుంది, ఆ ల్యాబ్ వాళ్ళ స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ణేమో. కాకపోతే మా దగ్గర యూజినాల్ స్టాండర్డ్ ఉంది, దాన్ని అదే కాలమ్‌లో అదే రోజు నడిపితే కొంచెం ముందు దిగింది. తేడా చాలా తక్కువ, విడివిడిగా రెండు రన్‌లు చూసి నమ్మేంత కాదు. రెండూ కలిపి ఒకే ఇంజెక్షన్ ఇస్తే పీక్ నెత్తి మీద నొక్కు పడి రెండు తలలయింది. ఒకటే పదార్థమైతే ఒకటే తల ఉండాలి.

హై రిజల్యూషన్ మాస్‌లో, నెగెటివ్ మోడ్‌లో, 163.0766 వచ్చింది. సీ10హెచ్12ఓ2 (యూజినాల్ ఫార్ములా) నుంచి ఒక ప్రోటాన్ తీసేస్తే లెక్క ప్రకారం రావాల్సింది 163.0765. 164 మాస్ ఉన్న వేరే ఫార్ములాలు, ఉదాహరణకి సీ9హెచ్8ఓ3 గానీ సీ11హెచ్16ఓ గానీ, రెండో దశాంశ స్థానంలోనే దూరంగా పోతాయి. కాబట్టి ఫార్ములా ఖాయం. పది కార్బన్లకి పన్నెండు హైడ్రోజన్లంటే అసంతృప్తత, అంటే రింగులూ డబుల్ బాండ్లూ కలిపిన లెక్క, ఐదు: బెంజీన్ రింగ్‌కి నాలుగు, ఇంకొకటి మిగిలింది. ఆ ఒకటి కార్బొనిల్ కాదని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్) చెప్పింది, 1700 చుట్టుపక్కల ఖాళీ. 3500 దగ్గర ఓహెచ్, 1638 దగ్గర సీ డబుల్ బాండ్ సీ, 995, 915 దగ్గర చివరన ఉండే వినైల్ గుర్తులు. ఐఆర్ గురించి ఇంతకంటే చెప్పను, యూజినాల్ ఐఆర్ కూడా ఇలాగే ఉంటుంది.

ఇక ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్, 400 మెగాహెర్ట్జ్, డ్యూటరేటెడ్ క్లోరోఫామ్‌లో. ఇందులో అంకె అంటే పీక్ ఉన్న చోటు, సింగ్లెట్ అంటే చీలని పీక్, డబ్లెట్ అంటే రెండుగా చీలింది. పక్క గొలుసు చదవడం సుఖం. 3.29 దగ్గర రెండు హైడ్రోజన్ల డబ్లెట్, 5.93 దగ్గర ఒక హైడ్రోజన్ బోలెడు గీతలుగా చీలిపోయి, 5.05 దగ్గర ఇంకో రెండు. ఇది అల్లైల్, చివర డబుల్ బాండ్ ఉన్న మూడు కార్బన్ల గొలుసు, సందేహం లేదు. డబుల్ బాండ్ జరిగిపోయిన ఐసోయూజినాల్ అయితే 1.86 దగ్గర మూడు హైడ్రోజన్ల మీథైల్ కనిపించాలి, అక్కడ ఏమీ లేదు. 3.87 దగ్గర మూడు హైడ్రోజన్ల సింగ్లెట్, మెథాక్సీ, అంటే ఆక్సిజన్‌కి అంటుకున్న మీథైల్. 5.6 దగ్గర కాస్త బోదకాలులా వాచిన పీక్, ట్యూబ్‌లో ఒక చుక్క భారజలం వేసి కుదిపితే మాయమైంది, ఓహెచ్. మిగిలింది మూడు ఆరోమాటిక్ హైడ్రోజన్లు.

ఇక్కడే నేను తప్పటడుగు వేశాను, చెప్పుకోవాలి. యూజినాల్‌కి పుస్తకంలో 6.85 దగ్గర ఒక డబ్లెట్, 6.69 దగ్గర రెండు హైడ్రోజన్ల గుంపు. నాకు 6.78 దగ్గర గుంపు, 6.66 దగ్గర ఒకటి కనిపించాయి. తేడా పాయింట్ నాట్ సెవెన్ కదా, గాఢత ఎక్కువై ఉంటుంది, ఫినాల్స్ ఇలాగే జరుగుతుంటాయి, పైగా ఆ రోజు షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం) కూడా గొప్పగా లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకుని నోట్‌బుక్‌లో ‘యూజినాల్‌కి దగ్గర’ అని రాసి పడేశాను. మర్నాడు జూనియర్ ఆ పేజీ చూసి “సార్, ఇంటిగ్రేషన్ తిరగబడింది కదా” అంది. ఇంటిగ్రేషన్ అంటే ఏ పీక్ కింద ఎన్ని హైడ్రోజన్లున్నాయనే లెక్క. నిజమే. స్టాండర్డ్‌లో ఎడమ నుంచి ఒకటి, రెండు. మనదాంట్లో రెండు, ఒకటి. పీక్ కొంచెం జరగడం వేరు, గుంపులో ఎవరున్నారన్నదే మారిపోవడం వేరు. ఆ లైన్ కొట్టేసి పక్కన తేదీ వేశాను.

స్టాండర్డ్‌ని అదే గాఢతలో తీసి, ఆ తర్వాత రెండూ ఒకే ట్యూబ్‌లో కలిపి కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్ పెట్టాం. ఒకటే పదార్థమైతే పది గీతలు రావాలి. దాదాపు అన్నీ జంటలయ్యాయి. విడిగా తీసిన మన శాంపిల్ కార్బన్లు ఇవి: 145.5, 144.9, 137.6, 133.4, 119.7, 115.5, 114.7, 110.7, 55.9, 39.6. యూజినాల్‌వి: 146.4, 143.9, 137.8, 131.9, 121.2, 115.5, 114.2, 111.1, 55.8, 39.9. గొలుసు కార్బన్లు, మెథాక్సీ దాదాపు అవే, రింగ్ కార్బన్లే కదిలాయి. అంటే ముక్కలు అవే, రింగ్ మీద కూర్చున్న చోట్లు వేరు. పంక్తిలో భోజనానికి వచ్చినవాళ్ళు ఎవరో మాస్ స్పెక్ట్రమ్ చెప్పేస్తుంది, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో దాన్ని అడిగి లాభం లేదు.

చోట్లు ఎన్ని రకాలుగా ఉండొచ్చో లెక్క పెడదాం. 6.66 దగ్గరిది విప్పి చూస్తే డబ్లెట్ ఆఫ్ డబ్లెట్స్, 8.2, 2 హెర్ట్జ్. 6.78 గుంపులో ఒకటి 8.2 హెర్ట్జ్ వెడల్పు డబ్లెట్, ఇంకొకటి 2 హెర్ట్జ్ సన్న డబ్లెట్, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. 8 హెర్ట్జ్ చీలిక పక్క హైడ్రోజన్ వల్ల, 2 హెర్ట్జ్ చీలిక ఒకటి విడిచి ఉన్నదాని వల్ల. అంటే రెండు హైడ్రోజన్లు పక్కపక్కనే, మూడోది ఒంటరిగా, 1,2,4 స్థానాల్లో మూడు గుంపులున్న రింగ్. అల్లైల్, ఓహెచ్, మెథాక్సీ అనే మూడింటిని ఆ మూడు స్థానాల్లో కూర్చోబెట్టడానికి ఆరు దారులు. ఇందులో నాలుగింటిని కార్బన్ ఎన్‌ఎమ్‌ఆర్ ఒక్క దెబ్బకి తీసేస్తుంది. రెండు ఆక్సిజన్లు పక్కపక్క కార్బన్ల మీద ఉంటే ఆ కార్బన్లు ఒకదాన్నొకటి కిందికి లాక్కుని 145 చుట్టుపక్కల వస్తాయి. ఎదురెదురుగా ఉంటే ఒకటైనా 150 దాటుతుంది, ఒకటి విడిచి ఒకటి ఉంటే రెండూ 155 దగ్గరో ఆ పైనో ఉంటాయి. మనవి 145.5, 144.9. కాబట్టి ఓహెచ్, మెథాక్సీ పక్కపక్కనే, అల్లైల్ వాటికి దూరంగా. మెథాక్సీ కార్బన్ 55.9 దగ్గరే ఉండడం కూడా దీనికి సరిపోతుంది, దానికి రెండు వైపులా గుంపులు ఇరుక్కుని ఉంటే 60 దాటేది.

మిగిలినవి రెండు. అల్లైల్ ఉన్న కార్బన్‌ని ఒకటి అనుకుంటే, మూడో చోట మెథాక్సీ, నాలుగో చోట ఓహెచ్ ఉంటే యూజినాల్. అవి రెండూ చోట్లు మార్చుకుంటే చావిబెటాల్. తమలపాకుకి ఒకప్పటి శాస్త్రీయ నామం చావికా బెట్లే, ఆ పేరులోంచే ఇది వచ్చింది. అంటే ఈ అణువు తమలపాకులో ఉండడం వింత కాదు, అసలు దాని పేరులోనే ఆకు ఉంది. తమలపాకు నూనె అంటే ఒకే నూనె కూడా కాదు, రకాన్ని బట్టి, నేలని బట్టి ఒకదాంట్లో యూజినాల్, ఒకదాంట్లో చావిబెటాల్, ఇంకోదాంట్లో సాఫ్రోల్, వేరేదాంట్లో ఎనిథోల్ ముందుంటాయి.

యూజినాల్ స్టాండర్డ్‌తో కలవలేదు కాబట్టి ఇది చావిబెటాల్ అని ఇక్కడితో ఆపేయొచ్చు. చాలామంది ఆపేస్తారు కూడా. నాకు నచ్చదు. ‘అది కాదు కాబట్టి ఇది’ అనే వాదనలో మనం తలచుకోని మూడోది ఏదైనా ఉంటే మొత్తం కూలిపోతుంది, అందుకని మెథాక్సీ ఎవరి పక్కన ఉందో నేరుగా చూడాలి. ముందు తేలిక దారి ప్రయత్నించాను, ప్రిడిక్షన్ సాఫ్ట్‌వేర్‌లో రెండు బొమ్మలూ గీసి కార్బన్ షిఫ్ట్‌లు అడిగాను. దాదాపు ఒకే అంకెలు ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది, రింగ్ మీద ఓహెచ్ ప్రభావం, మెథాక్సీ ప్రభావం ఇంచుమించు సమానం, కూడికల లెక్కలో చోట్లు మార్చినా మొత్తం మారదు. అసలు అణువులో అవి రెండూ హైడ్రోజన్ బంధంతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఆ సంగతి కూడికల లెక్కకి తెలీదు.

తర్వాతది ఎన్‌ఓఈ. మెథాక్సీ మీద పల్స్ కొడితే దానికి దగ్గరలో ఉన్న హైడ్రోజన్ పీక్ పెరుగుతుంది. యూజినాల్‌లో మెథాక్సీ పక్కనున్నది ఒంటరి హైడ్రోజన్, సన్న డబ్లెట్. చావిబెటాల్‌లో పక్కనున్నది వెడల్పు డబ్లెట్. ప్రశ్న ఇంత సూటిగా ఉంది కదా, ట్యూబ్‌లో నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసి, 3.87 మీద పెట్టాను. 6.78 పెరిగింది. బాగానే ఉంది, కానీ 6.78 దగ్గర ఇద్దరూ ఉన్నారు! సన్నదీ వెడల్పుదీ రెండూ అక్కడే, మధ్యలో నాలుగు హెర్ట్జ్ తేడా. పెరిగింది ఎవరో తేల్చలేం. పెరిగిన పీక్ ఆకారం వెడల్పు డబ్లెట్‌లాగే కనిపించింది గానీ, ‘లాగే కనిపించింది’ అని రిపోర్టులో రాయలేం కదా.

ఇలాంటప్పుడు పెద్ద మెషిన్ కోసం వెతకడం మా వాళ్ళకి అలవాటు, 600 మీద పెడదాం, 800 మీద పెడదాం అంటారు. నేను ముందు సాల్వెంట్ మారుస్తాను. ఖర్చు ఒక ఆంప్యూల్. డీఎమ్‌ఎస్‌ఓలో పెడితే ఆరోమాటిక్ ప్రాంతం విడిపోయింది: 6.80 దగ్గర వెడల్పు డబ్లెట్, 6.61 దగ్గర సన్న డబ్లెట్, 6.56 దగ్గర రెండూ కలిసిన మూడోది. ఇంకో లాభం, క్లోరోఫామ్‌లో కొవ్వొత్తిలా కరిగి ఉన్న ఓహెచ్ పీక్ ఇందులో 8.8 దగ్గర సూదిలా నిలబడింది, దానికీ చూపించడానికి పొరుగువాళ్ళున్నారు.

నష్టాలూ ఉన్నాయి. డీఎమ్‌ఎస్‌ఓలో నీళ్ళ పీక్ 3.33 దగ్గర వస్తుంది, మన సీహెచ్2 డబ్లెట్ 3.22, ఆంప్యూల్ తెరిచి కాసేపు వదిలేస్తే నీళ్ళు పట్టి ఆ డబ్లెట్‌ని మింగేస్తాయి, అందుకని కొత్త ఆంప్యూల్ వాడండి. ఇంకా సరదా అయినది కార్బన్‌లో: ఆ సీహెచ్2 కార్బన్ 39 దగ్గర, డీఎమ్‌ఎస్‌ఓ సొంత ఏడు గీతలు 39.5 దగ్గర. కార్బన్ స్పెక్ట్రమ్‌లో తొమ్మిదే గీతలు లెక్కపెట్టి ‘ఒక కార్బన్ తక్కువైంది’ అని జూనియర్ కంగారుపడింది. హెచ్‌ఎస్‌క్యూసీ (ఏ హైడ్రోజన్ ఏ కార్బన్‌కి అంటుకుందో చూపే స్పెక్ట్రమ్) తీస్తే 3.22 హైడ్రోజన్ కింద 39 దగ్గర చుక్క చక్కగా ఉంది. కార్బన్ ఎక్కడికీ పోలేదు, సాల్వెంట్ కింద దాక్కుంది.

ఇప్పుడు మళ్ళీ ఎన్‌ఓఈ. మెథాక్సీ ఇందులో 3.72. దాని మీద కొడితే 6.80 పెరిగింది, 6.61 కదల్లేదు. 6.80 వెడల్పు డబ్లెట్, అంటే పక్కన ఇంకో హైడ్రోజన్ ఉన్నది. మెథాక్సీ దాని పక్కన ఉంది. అదే సీహెచ్2 మీద కొడితే 6.61, 6.56 రెండూ పెరిగాయి, అల్లైల్‌కి అటూ ఇటూ ఉన్నవి అవే. ఓహెచ్ మీద, నీళ్ళ మీద ఎన్‌ఓఈ నమ్మకండి, అవి రెండూ హైడ్రోజన్లు మార్చుకుంటూ ఉంటాయి, టూడీ నోయిసీలో (ఎన్‌ఓఈలన్నీ ఒకే మ్యాప్‌లో చుక్కలుగా చూపేది) ఓహెచ్-నీళ్ళ చుక్క డయాగనల్ రంగులోనే వస్తుంది, మిగతావి ఎదురు రంగులో వస్తాయి, చూస్తే తెలిసిపోతుంది.

రెండో సాక్ష్యం హెచ్‌ఎంబీసీ. ఈ కేసులో నాకు బాగా నచ్చింది ఇదే. హెచ్‌ఎంబీసీ రెండు మూడు బంధాల దూరంలో ఉన్న కార్బన్లని చూపిస్తుంది. 8.8 దగ్గర ఓహెచ్ గీత పట్టుకుని కిందికి దిగితే మూడు చుక్కలున్నాయి: 146 దగ్గర రెండు, దాదాపు అతుక్కుని, ఇంకొకటి 116 దగ్గర. ఆ 116 కార్బన్‌కి అంటుకున్న హైడ్రోజన్ ఏదని హెచ్‌ఎస్‌క్యూసీని అడిగితే 6.61, సన్న డబ్లెట్. ఇక్కడ ఒక జాగ్రత్త, గొలుసు చివరి సీహెచ్2 కార్బన్ కూడా 115.5 దగ్గరే ఉంటుంది, ఉత్త కార్బన్ స్పెక్ట్రమ్ చూస్తే రెండిట్లో ఏది ఏదో పొరబడతాం. దాని హైడ్రోజన్లు 5.0 దగ్గర ఉంటాయి కాబట్టి హెచ్‌ఎస్‌క్యూసీలో రెండూ వేరుగా పడతాయి. ఇప్పుడు 3.22 సీహెచ్2 గీత పట్టుకుని దిగితే దానికీ అదే 116 దగ్గర చుక్క ఉంది, ఇంకా 119 దగ్గర ఒకటి. అంటే 116 కార్బన్‌ని ఒక వైపు నుంచి ఓహెచ్, ఇంకో వైపు నుంచి అల్లైల్ సీహెచ్2 రెండూ చూస్తున్నాయి. అది ఆ ఇద్దరి మధ్యలో ఉంటేనే కుదురుతుంది. యూజినాల్‌లో ఓహెచ్ నాలుగో చోట ఉంటుంది, దాని పక్కన హైడ్రోజన్ ఉన్న కార్బన్ ఐదోది, అది సీహెచ్2 నుంచి నాలుగు బంధాల దూరం, రెండు గీతలూ ఒకే చుక్క దగ్గర కలిసే అవకాశమే లేదు. కాగితం మీద గీసి చూసుకోండి, నేను జూనియర్ చేత గీయించాను.

చావిబెటాల్. ఇప్పుడు పక్కన పెట్టిన స్ఫటికాల సీసా తీశాను. ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 9.84 దగ్గర ఆల్డిహైడ్, 6.97 దగ్గర వెడల్పు డబ్లెట్, వెనిలిన్‌కి అది 7.04 దగ్గర ఉండాలి. కార్బన్‌లో ఇంకా స్పష్టం, వెనిలిన్‌కి 127.5 దగ్గర వచ్చే గీత ఇందులో 124.4 దగ్గర ఉంది. ఐసోవెనిలిన్ స్టాండర్డ్‌తో కలిపి మెల్టింగ్ పాయింట్ తీస్తే తగ్గలేదు. ఎన్‌ఎమ్‌ఆర్ లేని రోజుల్లో ఈ నూనెల్ని ఇలాగే పట్టుకునేవారు, ఫినాల్‌ని బెంజోయేట్ చేసి ఆ స్ఫటికాల మెల్టింగ్ పాయింట్ చూసేవారు. ఆయన కెమిస్ట్రీలో ఒక్క తప్పూ లేదు, చావిబెటాల్ తీసుకుని చేయాల్సినవన్నీ సరిగ్గా చేస్తే ఐసోవెనిలిన్ రావాలి, వచ్చింది.

ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అంటే రెండు నెలలు కష్టపడి శుభ్రంగా వేరే సరుకు చేశానన్నమాట” అన్నారు. “చాలా శుభ్రంగా చేశారండీ” అన్నాను. నవ్వారు, నవ్వక ఏం చేస్తారు.

ప్రతి బ్యాచ్‌కీ ఇంత తతంగం అక్కర్లేకుండా ఒక చిన్న చెక్ పెట్టుకున్నాం. క్లోరోఫామ్‌లో మెథాక్సీ సింగ్లెట్లు యూజినాల్‌కి 3.88 దగ్గర, చావిబెటాల్‌కి ఒక మెట్టు కింద, 3.87 దగ్గర పడతాయి. తేడా కొద్ది హెర్ట్జ్, కానీ షిమ్మింగ్ బాగుంటే విడిగా నిలబడతాయి, ఏది ఎంత ఉందో ఇంటిగ్రేషన్ చెప్పేస్తుంది. సందేహమొస్తే ఒక చుక్క స్టాండర్డ్ కలిపి ఏ గీత పెరిగిందో చూడడమే. ట్యూబ్ పెట్టి తీసేలోపు పది నిమిషాలు. మొదటి శాంపిల్లో యూజినాల్ గీత చిన్న మొలకలా ఉంది, రెండో దాంట్లో ఇంకాస్త పెద్దది. మొన్న వచ్చిన మూడో దాంట్లో రెండు గీతలూ దాదాపు సమానంగా నిలబడ్డాయి. ఆ రోజు బట్టీలో ఏ ఏ తోటల ఆకు పడిందో ఆయన ఇప్పుడు కనుక్కుంటున్నారు.